ఆ మలుపు దాటితే

లైట్లు ఆరిపోయాయి. పొగ తాగొద్దని చెప్పే ప్రకటన మళ్ళీ వస్తోంది, సమోసా పొట్లాలు పట్టుకుని జనం చీకట్లో సీట్లు వెతుక్కుంటున్నారు, నా ఒళ్ళో ఫోను బోర్లా పడి ఉంది. దాన్ని తిప్పి చూడను. ఎన్నిసార్లు చూసినా అందులో మాట మారదు. ఇంటర్వెల్లో వచ్చింది ఆ మెసేజి, ఈ సినిమాకి సంగీతం చేసిన సూర్యప్రకాష్ గారి దగ్గర్నుంచి. ‘సారీ ఏంజెలిన్ గారూ, రాత్రి ఆఖరి నిమిషంలో సెకండాఫ్ కత్తిరించారట, మన పాట ఉందో లేదో నాకే తెలీదు, ఎడిటర్ ఫోన్ ఎత్తట్లేదు.’ పొద్దుటాట చూసినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉంటారు, బయట పాన్ డబ్బా దగ్గర ఎవర్నడిగినా నేను రాసిన డోలీ పాట ఉందో లేదో చెప్పేస్తారు, ఇంటర్వెల్లో గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అడగలేకపోయాను. ఉంటే వింటాను, లేకపోతే లేదు, తెలిసేదాకా మాత్రం ఉన్నట్టే కదా అనుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాను. నా ఎడమపక్క అమ్మ. కుడిపక్క బేబి పిన్ని. రెండు వరసల ముందు సోమసుందరం మాస్టారు, ఆయన పక్కన వాళ్ళావిడ బాలాంబ గారు, ఏసీ చల్లదనానికి మాస్టారు మఫ్లరు చెవుల మీదకి లాక్కున్నారు, చెవులు మూసుకుంటే పాటెలా వింటారు మాస్టారూ అని అడగాలనిపించింది.

“ఎప్పుడొస్తాదే నీ పాట?” అని పిన్ని మోచేత్తో పొడిచింది. ఫస్టాఫ్ అంతా పొడుస్తూనే ఉంది, హీరో నోరు తెరిస్తే ఇదేనా, బ్యాండు మోగితే ఇదేనా. వస్తాది పిన్నీ, సెకండాఫ్‌లో. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది, ఫస్టాఫ్ అంతా అలాగే కూర్చుంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆరాధనలో కూర్చున్నట్టు వీపు ఆనించకుండా. “నేను కళ్ళు మూసుకుంటాను, నీ పాటొచ్చినప్పుడు సెప్పు, ఇంటాను,” అని లోపలికొచ్చేటప్పుడే చెప్పింది. ఒక్క ఫైటింగ్ సీన్లో మాత్రం పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, “ఏటైంది, ఎవలికి తగిలింది?” అంది, అదీ నర్సు అడిగినట్టే, ఎక్కడ తగిలిందో చెప్తే కట్టు కట్టడానికి లేచేటట్టు. మళ్ళీ మూసేసుకుంది.

అరవై దాటిన మనిషి, పుట్టి ఈ వయసొచ్చేదాకా సినిమా హాలు గడప తొక్కలేదు. ఈ రోడ్డు మీదుగా ఎన్నివేల సార్లు వెళ్ళుంటుంది, ఈ హాలు పోస్టర్ల పక్కనుంచి తల దించుకుని, గొడుగు అటువైపుకి వంచుకుని. మా చర్చి సంఘంలో పాతకాలం వాళ్ళంతా అంతే, సినిమా అంటే లోకం, లోకం అంటే మన ఇంట్లోకి రాకూడనిది. నాన్న కూడా అంతే. నాన్న జ్ఞానానందం, రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా, గుళ్ళో పాటల్లో బేస్, కింది గొంతు, పాడేవాడు. స్కూటరు మీద నన్ను ముందు నిలబెట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళేటప్పుడు కీర్తన వరసలు తీసుకుని వాటిలో ఊరి సంగతులు పెట్టి పాడేవాడు, పెదబొడ్డేపల్లి గేదె రోడ్డు కడ్డం వచ్చెనో అని, నేను నవ్వితే స్కూటరు ఊగేది, “నవ్వకే, పడిపోతాం” అని ఇంకో చరణం కట్టేవాడు. ఒక వరసలోంచి మాటలు తీసేసి వేరే మాటలు పెట్టొచ్చని, పెడితే వరస విరగదని, అది నాకు ఆ స్కూటరు మీదే తెలిసింది. తెలిసిందని అప్పుడు నాకు తెలీదు. నేను ఇంటర్లో ఉండగా ఆయన పోయాడు. ఆయన ఉంటే ఇవాళ వచ్చేవాడా ఈ హాలుకి? అనుకుంటే నవ్వొస్తోంది, వచ్చుండేవాడు, వచ్చి కళ్ళు మాత్రం అమ్మలాగా మూసుకుని ఉండేవాడు కాదు.

తెర మీద హీరో నడిపే అంబులెన్సు దుమ్ము లేపుకుంటూ వెళ్తోంది. ఇది కోర్టు దాకా వెళ్ళే కథ, అది అయ్యాక ఆసుపత్రి గొడవ, అది అయ్యాక డోలీ. కథ నాకు చెప్పినప్పుడు డైరెక్టర్ ధర్మతేజ కుర్చీలో కూర్చోకుండా నిలబడి చెప్పాడు, నాకంటే చిన్నవాడు, చేతులు తిప్పుతూ, “రోడ్డు అయిపోయింది మేడమ్, అక్కణ్ణుంచి బండి పోదు, కొండ మీద నొప్పులు పడుతున్న మనిషి, నలుగురు మోస్తున్నారు, అక్కడ నాకు పాట కావాలి, ఏడుపు పాట వద్దు, భక్తి పాట వద్దు, మాస్ పాట వద్దు,” ఏమీ వద్దు అన్నీ కావాలి. సూర్యప్రకాష్ గారు వరస పంపించారు, తానానన తానానా అని ఆయన గొంతుతోనే పాడి, వెనకాల వాళ్ళింట్లో కుక్కర్ కూత కూడా వినబడుతోంది అందులో. ఆ వరస నెల్లాళ్ళు నా చెవిలో ఉంది. రాశాను, పంపాను. “బాగుంది మేడమ్, కానీ ఫీల్ వస్తలేదు.” మళ్ళీ రాశాను. కొండమ్మా కోనమ్మా అని రాశాను, అడవితల్లి అని రాశాను, చీకటి వెలుగు ఊపిరి పొత్తిళ్ళు అన్నీ రాశాను. పల్లవి పంపడం, వద్దనిపించుకోవడం, మళ్ళీ పంపడం. కృష్ణానగర్లో నా గది కిటికీలోంచి ఎదురింటి మేడ మీద నీళ్ళ ట్యాంకు కనబడుతుంది, ఆ నెల్లాళ్ళూ ఆ ట్యాంకు నిండి పొర్లడం చూస్తూ కూర్చున్నాను, వాళ్ళ మోటారు ఎవరూ ఆపరు, నీళ్ళు గోడ మీంచి కారిపోతుంటాయి, నా మాటలూ అలాగే పోతున్నాయనిపించింది.

అయినా ఆ గది అంటే నాకు ఇష్టమే. ఆ గదిలోకి ఏమీ లేకుండా వచ్చి చేరాను, ఎన్నో నేర్చుకున్నాను. ఏటి నేర్చుకున్నావంటే, నోళ్ళు నేర్చుకున్నాను. నవ్వు వచ్చే మాటే గానీ నిజం, డబ్బింగ్ సినిమాలకి పాటలు రాయడంతో నా బతుకు మొదలైంది, తమిళంలో వాళ్ళు పాడుతుంటే పెదవులు ఎక్కడ కలుస్తాయో అక్కడ మనకి ప గానీ బ గానీ మ గానీ పడాలి, లేకపోతే తెర మీద మనిషి ఒకటి అంటుంటే చెవికి ఇంకోటి వినబడుతుంది. రోజుల తరబడి హీరోయిన్ల పెదవులు చూస్తూ కూర్చునేదాన్ని, రాత్రి కళ్ళు మూసుకున్నా పెదవులే. మాటకి శరీరం ఉంటుందని అక్కడే తెలిసింది నాకు. ఆ పాటలు ఎవరూ గుర్తు పెట్టుకోరు, నేనూ పెట్టుకోలేదు, కానీ నా పేరు అడక్కుండా మళ్ళీ మళ్ళీ పిలిచి పని ఇచ్చిన ఆ స్టూడియో వాళ్ళని మాత్రం మర్చిపోలేను, ఎండాకాలంలో వాళ్ళిచ్చిన మజ్జిగతో సహా. దానికి ముందు ఇక్కడ, ఈ నర్సీపట్నంలోనే, బట్టల కొట్టు ఆటోకి రాశాను, మైకు కట్టుకుని ఊరంతా తిరిగే ఆటో, ‘ఆషాఢం వచ్చిందక్కా, ఆలస్యం ఎందుకక్కా’, నేను డిగ్రీ చదివేటప్పుడు. ఆ ఆటో మా గుడి ముందునుంచి వెళ్తుంటే పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి అది దూరం పోయేదాకా ఆగారు, ఆయనకి తెలీదు అది ఆ ముందు బెంచీలో కూర్చున్న ఏంజెలిన్ రాసిందని. అమ్మకి తెలుసు. అమ్మ తలెత్తకుండా బైబిలు వైపు చూస్తూ పెదవి బిగపట్టుకుంది, నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసిపోయింది. ఆ నవ్వు చూసే నాకు ధైర్యం వచ్చింది, అమ్మకి అన్నం పెట్టని పని మీద కోపం ఉంది గానీ పాట మీద లేదని.

తెర మీద కోర్టు. జడ్జి గారు ఏదో అంటున్నారు, పిన్ని పాప్‌కార్న్ నములుతోంది. “ఇదైతే పాట రాదు కదా,” అంది. రాదు పిన్నీ. మాస్టారు మఫ్లరు తీసేశారు, ఉక్క పెట్టినట్టుంది. ఆయన మా హైస్కూల్లో తెలుగు చెప్పారు, మా వాడకట్టు పిల్లలకి పద్యాలంటే భయం, అవి మన దేవుడివి కాదుగా అని కొందరి ఇళ్ళల్లో అనేవారు కూడా. మాస్టారు ఒకరోజు నా క్రిస్మస్ డ్రామా పాట విన్నారు, సండే స్కూలు పిల్లలకి నేను రాసింది, గుడి బయట సైకిలు ఆపుకుని విన్నారట. మర్నాడు క్లాసులో పిలిచి, “రెండో చరణం కుంటుతోందమ్మా, ఎక్కడో తెలుసా?” అన్నారు. బల్ల మీద వేళ్ళతో వేసి చూపించారు, ఒక దెబ్బ, రెండు దెబ్బలు, గురువు, లఘువు. “దేవుడు ఎవరైనా కానీ, గురువు గురువే, లఘువు లఘువే, ఇక్కడ తగ్గించి అక్కడ మోస్తానంటే కుదరదు.” సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని, బాలాంబ గారు పులిహోర పెట్టేవారు, నేను మొదటిసారి వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతే, “ఏటమ్మా అక్కడే ఉండిపోయావు, లోపలికి రా, కరివేపాకు దుయ్యి,” అన్నారు. అంతే అన్నారు. కరివేపాకు దుయ్యడం దగ్గర మొదలై కందం దాకా, ఉత్పలమాల దాకా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇవాళ టిక్కెట్లు నేను తీస్తానంటే ఆయన ముందే వచ్చి తన టిక్కెట్లు తను తీసేసుకున్నారు, “శిష్యురాలి పాట ఓసీగా వింటే లఘువైపోతాను,” అని.

పాట లేకపోతే మాస్టారికి ఏం చెప్పాలి. అమ్మకి ఏం చెప్పాలి. అమ్మకి చెప్పడమే కష్టం. సోమవారం ఊరొచ్చి, అమ్మా శుక్రవారం సినిమా రిలీజు, ఒక్కసారి రా అంటే, “ఫోన్లో ఇనిపించెయ్యి” అంది. ఫోన్లో లేదమ్మా, ఈ పాట బయటికి వదల్లేదు, హాల్లోనే వినాలని దాచి ఉంచారు. “అలాగైతే నాకు ఇనే యోగం నేదు,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ అడగలేదు. అడగను కూడా, అది అమ్మ జీవితమంతా నిలబెట్టుకున్న మాట, నా ఒక్క పాట కోసం విరవమని ఎలా అడుగుతాను. ఇవాళ పొద్దున్న లేచేసరికి తెల్లచీర కట్టుకుని, గంజి పెట్టిన చీర, ఆదివారం చీర, కుర్చీలో కూర్చుని ఉంది. ఏటమ్మా గుడికా అన్నాను. “సినిమాకి.” అయ్యగార్ని అడిగేవా అన్నాను, ఊరికే, నోట్లోంచి వచ్చేసింది. అమ్మ నా వైపు చూసింది. “నా పిల్ల రాసింది ఇండానికి నాకెవలి పర్మిషనేటి?” అంది. అదీ అమ్మ. నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని, ఏజెన్సీకి డ్యూటీకి వెళ్ళినట్టే బయల్దేరింది.

అమ్మ ఎన్నో ఏళ్ళు కొయ్యూరు వైపు నర్సుగా చేసింది. సూదిమందుల పెట్టె భుజానికేసుకుని బస్సు దిగి, అక్కణ్ణుంచి నడిచి, కొండలెక్కి, వాగులు దాటి. వారాల కొద్దీ ఇంట్లో ఉండేది కాదు, నాన్నే జడలేసేవాడు, వంకరగా. వచ్చినప్పుడు అమ్మ కాళ్ళకి నేను నూనె రాసేదాన్ని, ముళ్ళు తీసేదాన్ని, అమ్మ సగం నిద్రలో ఆ ఊళ్ళ కబుర్లు చెప్పేది. కాన్పు కష్టమైతే డోలీ కట్టి మోసుకొచ్చేవారు, అమ్మ పక్కన నడిచేది, ఆ మనిషి చెయ్యి పట్టుకుని. “ఏటి చెప్తావమ్మా ఆవిడకి, దారంతా?” అని అడిగాను ఒకసారి. “ఏటి సెప్తాను, అదిగో ఆ మలుపే తల్లీ, ఆ మలుపు దాటితే వచ్చీసినట్టే, అంటాను. ఆ మలుపు దాటేక ఇంకో మలుపు చూపిస్తాను.” అబద్ధం కదమ్మా అంటే, “మలుపైతే నిజమే కదే,” అని నిద్రపోయింది. ఆ మాట నాలో ఎక్కడుండిపోయిందో. నీళ్ళ ట్యాంకు పొర్లుతున్న ఒక మధ్యాహ్నం, ఇంక నా వల్ల కాదని సూర్యప్రకాష్ గారికి ఫోన్ చేసి చెప్పేద్దామని వరస ఆఖరిసారి వింటుంటే, తానానన తానానా అన్నచోట ఎవరో నా నోట్లోంచి పాడినట్టు, అదిగో ఆ మలుపే తల్లీ, ఆ మలుపు దాటితే వచ్చీసినట్టే. సరిపోయింది. ఎక్కడా ఒక్క వేలు దెబ్బ ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. నేను రాయలేదు, అది వచ్చి కూర్చుంది. ధర్మతేజకి ఫోన్లోనే పాడి వినిపిస్తే ఆ పిల్లాడు మళ్ళీ పాడించుకున్నాడు. తర్వాత మెల్లిగా, “వచ్చేసినట్టే అందాం మేడమ్, వచ్చీసినట్టే అంటే అందరికీ అర్థం కాదేమో,” అన్నాడు. సూర్యప్రకాష్ గారు ఒప్పుకోలేదు, ఆ ‘చ్చీ’ దగ్గర గొంతు ఎక్కడికైనా వెళ్ళగలదు, ముట్టుకోవద్దు అన్నారు. ఆయనది మా ప్రాంతం కాదు. ఆ మాట మా అమ్మదని ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా.

బండి ఆగింది. తెర మీద రోడ్డు అయిపోయింది. నాకు ఈ సీను కాగితం మీద తెలుసు, ఇప్పుడు డోలీ వస్తుంది, నలుగురు, కర్రకి కట్టిన దుప్పటి, అందులో మనిషి, వాళ్ళ కాళ్ళు వాగులో దిగిన మొదటి అడుగుకి పాట మొదలవ్వాలి. “అమ్మా,” అన్నాను, “కళ్ళు తెరువు.” అమ్మ తెరిచింది. డోలీ వచ్చింది. వాగు వచ్చింది. కాళ్ళు నీళ్ళలో దిగాయి. పాట లేదు. నీళ్ళ చప్పుడు ఒక్కటే. ఇంకో అడుగు, మోకాళ్ళ దాకా నీళ్ళు, ఇంకో అడుగు. వాద్యం లేదు, గొంతు లేదు. వాగు సగం దాటారు. తీసేశారు. సరే. తీసేశారన్నమాట.

పిన్ని ఏదో అడిగింది, వినబడలేదు. నాకు ఏడుపు రావాలి, రాలేదు, అదే నాకు ఆశ్చర్యంగా ఉంది. పక్కన అమ్మ కళ్ళు తెరుచుకుని తెర వైపు చూస్తోంది, ముందుకి వంగి, ముందు సీటు పట్టుకుని, ఆ వాగులో ఆ కాళ్ళు ఎక్కడ జారతాయో తనకి తెలిసినట్టు. మా అమ్మ నా కోసం ఇక్కడికి వచ్చింది. మాస్టారు వచ్చారు. పాట ఉన్నా లేకపోయినా ఇది జరిగింది, దీన్ని ఏ ఎడిటరూ కత్తిరించలేడు. తానానన అని కుక్కర్ కూతతో పాటు వచ్చిన ఆ వరస నిజం, నాన్న స్కూటరు నిజం, కరివేపాకు నిజం. ఇన్ని పెట్టారు నాకు, ఇంకేం కావాలి, ఇంకో పాట రాస్తాను. రేపే రాస్తాను. దేవా, నీకు స్తోత్రం అని లోపల అనుకున్నాను, సినిమా హాల్లో స్తోత్రం చెప్పింది బహుశా నేనొక్కదాన్నేనేమో. అమ్మకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను, అమ్మా, పాట బాగానే ఉంది గానీ సినిమా పొడుగైపోయిందట అని, అంతలో వాగు దాటి అవతలి ఒడ్డు ఎక్కుతున్న ముందు మనిషి కర్ర ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అక్కడ వేణువు వచ్చింది. ఒక్క వేణువు. తర్వాత పాడిన అమ్మాయి గొంతు.

అదిగో ఆ మలుపే తల్లీ
ఆ మలుపు దాటితే వచ్చీసినట్టే
బరువంత మాకియ్యి తల్లీ
ఊపిరొక్కటి నువ్వు మొయ్యి చాలు

వాగులో కాదు, ఒడ్డు ఎక్కేచోట పెట్టారు. అక్కడే ఉండాలి అది, నీళ్ళ చప్పుడు అయ్యాక, నాకు తోచలేదు, రాసిన నాకే తోచలేదు, ఫోన్ ఎత్తని ఆ ఎడిటర్‌కి తోచింది. బయటికి వెళ్దామని లేచిన ఒకాయన నడవలో అలాగే నిలబడిపోయాడు. వెనక వరసలో ఎవరో, “ఒరే, మనోలు అన్నట్టే అంటందిరా,” అన్నాడు, ఇంకొకడు “ఉండ్రా,” అన్నాడు. ‘చ్చీ’ దగ్గర ఆ గొంతు పైకి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉంది, హాలు కప్పు దాకా. రెండు వరసల ముందు మాస్టారి కుడిచెయ్యి సీటు మీద మెల్లిగా కదులుతోంది. పిన్ని పాప్‌కార్న్ మర్చిపోయింది. ఇది నా పాట. పుట్టిన ఊళ్ళో, ఇంతమంది మధ్య, చీకట్లో. ఒక చరణం అయింది, పల్లవి మళ్ళీ వచ్చింది, రెండో చరణం కోసం చెవి పెట్టాను, రాలేదు, బిడ్డ ఏడుపు వినబడింది, పాట అయిపోయింది. రెండో చరణం తీసేశారు. తీసేస్తే తీసేశారు. నాకు ఇప్పుడొచ్చింది ఏడుపు, హాయిగా వచ్చింది.

“ఇదేనా?” అంది అమ్మ.

“ఇదేనమ్మా.”

అమ్మ ముందు సీటు మీంచి చెయ్యి తీసింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, “ఈ మాట నీకెవలు సెప్పేరే?” అంది. నువ్వే కదమ్మా, చిన్నప్పుడు, కాళ్ళకి నూనె రాస్తుంటే. అమ్మ తల అడ్డంగా ఊపింది. “నాది కాదే అది. సింహాద్రిది.” సింహాద్రి ఎవరమ్మా? “డోలీ మోసీవోడు. నేను కొత్తగా డ్యూటీలో సేరిన ఏడు. వాన. కాలు జారి పడ్డాను, మడమ వాచిపోయింది, పేసెంటు డోలీలో ఉంది, నేనేమో ఎనకాల ఏడుస్తా నడుస్తన్నాను, ఉజ్జోగం వద్దు ఏటొద్దు, ఇంటికెల్లిపోతానని. ముందు కర్ర మోస్తన్నోడు ఎనక్కి తిరక్కుండానే అన్నాడు, అదిగో ఆ మలుపే తల్లీ, ఆ మలుపు దాటితే వచ్చీసినట్టే, అని. డోలీలో ఉన్నదానికి అనుకున్నాను. కాదు. నాకు.” వెనకనుంచి ఎవరో ష్ అన్నారు. అమ్మ గొంతు ఇంకా తగ్గించింది. “ఆ యేల ఆడు ఆ మాట అనకపోతే నేను నర్సుని కాను. మీ నాన్న జీతం ఒక్కటీ సరిపోక నిన్ను సదివించీవోలమూ కాదు.”

తెర మీద ఫైటింగ్ మొదలైంది, అద్దాలు పగులుతున్నాయి. నాకు అమ్మ మాటలు తప్ప ఏమీ వినబడటం లేదు. నా మాట అనుకున్నది అమ్మదని, అమ్మదనుకున్నది సింహాద్రి అనే ఆయనదని, ఆయనకెవరు చెప్పారో, ఆయన ముందు కర్ర మోసిన ఏ తాత చెప్పాడో. టైటిల్స్‌లో ఈ పాట రచన దగ్గర నా పేరు ఒక్కటే ఉంది. ఆయన ఉన్నాడా అమ్మా ఇంకా? “ఉన్నాడు. మొన్న నూకరత్నం ఫోన్ సేసింది, కొయ్యూరులో నా దగ్గర ఆయాగా పన్జేసింది కదా, ఆడు బాగానే ఉన్నాడంది, నడుం వంగిపోయింది గానీ మనిషి గట్టోడే అంది.” అమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. “లెగు.”

“ఎక్కడికమ్మా, సినిమా అవ్వలేదు.”

“పాటైపోయింది కదే. సినిమా నాకెందుకు? ఆడికి సెప్పాల. బేగి లెగు, కొయ్యూరు బస్సు ఎల్లిపోతాది.”

పిన్ని, “ఒలమ్మో, క్లైమాక్సే!” అని కదల్లేదు. మేమిద్దరం మోకాళ్ళు తగులుకుంటూ, సారీ సారీ అంటూ వరస దాటాం. మాస్టారి దగ్గర వంగి, వెళ్ళొస్తాను మాస్టారూ అన్నాను, ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, ఒకసారి నొక్కి వదిలేశారు, బాలాంబ గారు “రేపు భోజనానికి రా, మీ అమ్మగార్నీ తీసుకురా,” అన్నారు. బయట ఎండ ఇంకా ఉంది, కళ్ళు చెదిరాయి, ఆటోవాళ్ళు ఒకేసారి అరుస్తున్నారు, అమ్మ ఎవరినీ పట్టించుకోకుండా తెల్లచీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని బస్సు కాంప్లెక్స్ వైపు నడుస్తోంది, నేను వెనకాల దాదాపు పరిగెత్తుతున్నాను. చీకటి పడిపోతుందమ్మా అంటే, “నూకరత్నం ఇంట్లో పడుకుందాం,” అంది. రేపు వెళ్ళొచ్చు కదా అంటే, “ఆడికి ఇన్నేళ్ళైంది ఆ మాట సెప్పి, ఇంకా రేపేటి?” అంది.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్క సీట్లో అమ్మ కూర్చుంది. ఫోను మోగింది, సూర్యప్రకాష్ గారు, పాట ఉందటండీ, రెండో చరణం పోయిందట, క్షమించాలి అంటున్నారు, నేను థాంక్యూ అంటున్నాను, ఆయన సారీ అంటున్నారు, నేను థాంక్యూ అంటున్నాను, బస్సు హారన్లో ఇద్దరి మాటలూ కలిసిపోయాయి. ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది, “ఏటి పోయింది?” రెండో చరణం అమ్మా, తీసేశారు. “అది నీకొచ్చా?” నేనే కదమ్మా రాశాను. “అలాగైతే ఆడి దగ్గర అది కూడా పాడాల. సినిమావోలు తీసీసుకున్నా మనం తీసెయ్యం కదా.” నాకు గొంతు లేదమ్మా, నేను పాడేదాన్ని కాదు. “ఆడికీ లేదే గొంతు,” అంది అమ్మ.

కండక్టర్ మా సీటు దగ్గరకొచ్చాడు. “ఎక్కడికండీ?”

“సింహాద్రి గోరింటికి,” అంది అమ్మ.

అతను నవ్వాడు, నేనూ నవ్వాను, అమ్మ మాత్రం నవ్వలేదు, ఆ మాటలో తప్పేముందో తనకి తెలియలేదు. అమ్మ ఊరి పేరు చెప్పింది. బస్సు కదిలింది, మార్కెట్టు దాటింది, ఆఫీసులు దాటింది, దూరంగా కొండలు నీలంగా కనబడుతున్నాయి. నేను కిటికీ వైపు తిరిగి, ఎవరికీ వినబడనంత మెల్లగా, రెండో చరణం ఎత్తుకున్నాను.

కొండ వంగదు గాని తల్లీ
మనమే వంగి ఎక్కుదాం
వంగినోళ్ళ వీపుమీదే గదా
ఊళ్ళన్నీ పుట్టినాయి

“గట్టిగా పాడు,” అంది అమ్మ.